వీ-క్రాస్‌కు పెద్ద టైర్లు: రేగడి డొంకకూ హైవేకూ కలిపి ఏ కొలత మేలు?

1. కోయిలకుంట్ల_రేగడి (నంద్యాల జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2021 నాటి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ ఉంది. 4×4, మాన్యువల్ గేర్లు. కంపెనీ నుంచి వచ్చిన 255/60 ఆర్18 టైర్లు 62,000 కిలోమీటర్లు తిరిగి దాదాపు గుండయ్యాయి. ఎలాగూ మార్చక తప్పదు కాబట్టి, మార్చేటప్పుడు కాస్త పెద్దవి వేయించుకుంటే ఎలా ఉంటుందన్నది నా ఆలోచన.

నా తిరుగుడు ఎలా ఉంటుందో చెబితేనే మీరు సలహా ఇవ్వగలరు. వారంలో ఐదు రోజులు ఊరి నుంచి పొలానికి వెళ్తాను. అందులో చివరి రెండు కిలోమీటర్లు అచ్చమైన నల్లరేగడి డొంక. నెలకు రెండుసార్లు నంద్యాల, కర్నూలు మీదుగా హైదరాబాద్ వెళ్లి వస్తాను. తొట్టిలో విత్తనాల బస్తాలు, మందుల పెట్టెలు తప్ప పెద్ద బరువేమీ ఉండదు. పోయిన అక్టోబరులో, శనగ విత్తడానికి ముందు పడిన వానకు బండి డొంకలో దిగబడింది. నాలుగు చక్రాలూ గిర్రున తిరిగాయే కానీ బండి జానెడు కూడా కదలలేదు. దిగి చూస్తే టైరు బటన్ల మధ్య సందులన్నీ మట్టితో పూడిపోయి, నాలుగు టైర్లూ కుమ్మరి సారె మీది ముద్దల్లా నున్నగా ఉన్నాయి. పక్క పొలం ట్రాక్టరు వచ్చి లాగితే కానీ బయటపడలేదు.

ఒక దుకాణంలో 17 అంగుళాల రిమ్ములతో 285/70 ఆర్17 వేయించుకోమన్నారు. ఏదీ కోయనక్కరలేదు, ఎక్కడా తగలదు అని నొక్కి చెప్పారు. నాకు ధర మీద కంటే ఆ హామీ మీదే ఎక్కువ అనుమానం కలిగింది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

2. లెక్కల_మాస్టారు (తెనాలి)

రైతు గారూ, మీ అనుమానం సరైనదే. ముందుగా కొలతలు చూద్దాం, ఎందుకంటే ఈ విషయంలో సగం తగవులు కూడిక, గుణకారం చేయకపోవడం వల్లే వస్తాయి.

255/60 ఆర్18 అంటే టైరు వెడల్పు 255 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 153 మిల్లీమీటర్లు. రిమ్ము 18 అంగుళాలు, అంటే 457 మిల్లీమీటర్లు. పైనొక పక్కగోడ, కిందొక పక్కగోడ కలుపుకుంటే మొత్తం ఎత్తు 763 మిల్లీమీటర్లు. దుకాణదారు చెప్పిన 285/70 ఆర్17కు ఇదే లెక్క వేస్తే 831 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే తొమ్మిది శాతం ఎక్కువ. మధ్యలో 265/70 ఆర్17 ఉంది. దాని ఎత్తు 803, అంటే ఐదు శాతం ఎక్కువ. 265/60 ఆర్18 అయితే 775, అంటే ఒకటిన్నర శాతం చిల్లర మాత్రమే. 18 అంగుళాల రిమ్ముతో వచ్చే టయోటా హైలక్స్‌కు కంపెనీ ఇచ్చే కొలత ఇదే.

టైరు ఎత్తు ఎంత పెరిగితే బండి కింది ఖాళీ అందులో సగమే పెరుగుతుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 831 మిల్లీమీటర్ల టైరు వేసినా మీ వెనక ఇరుసు హౌసింగు లేచేది మూడున్నర సెంటీమీటర్లకు లోపే. 265/60 ఆర్18 వేస్తే ఆరు మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలి మందం కూడా కాదు. ఎత్తు కోసమే అయితే ఆ కొలత దండగ.

ఇక మీటరు. అది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది కానీ రోడ్డును కొలవదు. ఇప్పటి టైరు కిలోమీటరుకు సుమారు 417 చుట్లు తిరుగుతుంది. 831 మిల్లీమీటర్లది 383 చుట్లే తిరుగుతుంది. మీటరు 80 చూపిస్తున్నప్పుడు, పాత టైర్లతో వెళ్లే దానికంటే తొమ్మిది శాతం ఎక్కువ వేగంతో వెళ్తుంటారు. సాధారణంగా మీటర్లను అసలు వేగం కంటే కాస్త ఎక్కువ చూపించేలా తయారు చేస్తారు కాబట్టి, ఒకటి రెండు శాతం తేడా అందులో కలిసిపోతుంది. తొమ్మిది శాతం కలవదు. కిలోమీటర్ల లెక్క కూడా తక్కువే పడుతుంది. పెద్ద టైర్లు వేశాక మైలేజీ ఘోరంగా పడిపోయిందని వాపోయేవారు ముందు ఈ సవరణ చేసుకుని చూస్తే, సగం బాధ తీరుతుంది.

3. ముప్పైమూడు_అంగుళాలు (బెంగళూరు)

మాస్టారి లెక్కతో నాకు పేచీ లేదు కానీ, లెక్క వేరు, నడక వేరు. నేను ఇదే బండికి రెండంగుళాల లిఫ్టు (సస్పెన్షన్ మార్చి బండిని పైకి లేపడం) చేయించి 285/70 ఆర్17 వేయించాను. రెండేళ్లయింది. వాగులు దాటాను, రాళ్ల మీద ఎక్కించాను, ఎక్కడా ఆగలేదు. 1.9 లీటర్ల ఇంజనుకు 360 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది; అది ఈ చక్రాలను తిప్పలేదా? బండి చూడటానికి కూడా నిండుగా ఉంటుంది. రైతు గారూ, ఒకసారి వేయించుకుంటే మళ్లీ వెనక్కి చూడరు.

4. అలైన్‌మెంటు_బల్ల (గుంటూరు)

నేను పంతొమ్మిదేళ్లుగా టైర్లు, అలైన్‌మెంటు పని చేస్తున్నాను. పై సభ్యుడిని తప్పు పట్టాలని కాదు కానీ, రెండంగుళాల లిఫ్టు చేయించాకే ఆయన బండికి 285 పట్టింది. రైతు గారికి చెప్పింది మాత్రం లిఫ్టు లేకుండానే వేస్తామని. రెండూ ఒకటి కావు.

టైరు తగలడం అనేది బండి నిలబడి ఉన్నప్పుడు తెలియదు. స్టీరింగును ఒక పక్కకు చివరిదాకా తిప్పి, రివర్సులో కదిలిస్తే, ముందు చక్రం వెనక అంచు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్కును, దాని వెనక క్యాబిన్‌ను చాసిస్‌కు బిగించే బ్రాకెట్టును వెతుక్కుంటూ పోతుంది. తొట్టిలో బరువుండి, ఒక ముందు చక్రం గుంటలోకి దిగి రెండోది గట్టెక్కినప్పుడు లోపలి ఖాళీ ఇంకా తగ్గుతుంది. నేను చేసే పరీక్ష ఇది: టైరు రెండు భుజాల మీదా తడి సున్నం పూసి, బండిని ఒక పక్క ర్యాంపు ఎక్కించి, స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పించి, ముందుకూ వెనక్కూ నడిపిస్తాను. ఆ తర్వాత టార్చి వేసి చూస్తే, ఎక్కడెక్కడ రాసుకుందో అక్కడక్కడ తెల్లటి చార కనబడుతుంది. సున్నం ధర ఐదు రూపాయలు. మీ దుకాణదారు ఈ పరీక్ష చేసి చూపించి ఆ హామీ ఇచ్చారో లేదో అడగండి.

ఇందులో రిమ్ము పాత్ర టైరు పాత్ర కంటే పెద్దది. రిమ్ము లోపలి వైపు పోతలోనే దాని వెడల్పు, ఆఫ్‌సెట్ అంకెలు ఉంటాయి. మట్టి తుడిచి చూడండి, 7.5జె అనీ, ఈటీ 30 అనీ ఇలా ఏదో ఒక అంకె కనబడుతుంది. ఈటీ అంటే రిమ్ము సరిగ్గా నడి మధ్య గీతకూ, హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం. ఉదాహరణకు ఏడున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 30 ఉన్న రిమ్ము తీసి, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, ఈటీ సున్నా ఉన్నది బిగించారనుకోండి. బయటి అంచు దాదాపు 43 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. చూడటానికి బండి కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు బాగుంటుంది. అయితే ఆ చక్రం ఇప్పుడు మలుపులో పెద్ద వృత్తం గీస్తుంది, ఇదివరకు తగలని చోట తగులుతుంది. బేరింగు మీద బరువు పక్కకు జరుగుతుంది. గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగు చేతిని లాగుతుంది. వాన రోజు తలుపుల నిండా బురద చిమ్ముతుంది. బేరింగు మోత వచ్చిందని నా దగ్గరికి వచ్చే పికప్పుల్లో ఎక్కువ వాటికి ముందు చూసేది ఈ అంకెనే.

స్పేసర్లు పెట్టి పాత రిమ్మునే బయటికి లాగే పద్ధతి ఒకటి ఉంది. నా బల్ల మీద ఆ పని చేయను.

5. కోయిలకుంట్ల_రేగడి

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం రిమ్ము విప్పి వెనక చూశాను. మీరు చెప్పినట్టే అంకెలన్నీ పోతలో ఉన్నాయి, ఇన్నాళ్లూ బండి కడుగుతూ కూడా నేను గమనించలేదు. దుకాణానికి ఫోను చేసి లిఫ్టు లేకుండా ఎలా పడుతుందని అడిగితే, "తగిలిన చోట ప్లాస్టిక్కును కొంచెం వేడి చేసి వంచుతాం, బ్రాకెట్టు అంచు కొంచెం కోస్తాం" అన్నారు. నిన్నటిదాకా ఏమీ కోయనక్కరలేదన్నది వారే.

ఇంకొక ప్రశ్న. వెడల్పు పెరిగితే రేగడిలో దిగబడటం తగ్గుతుందా?

6. డెంటన్_టకోమా (టెక్సాస్)

బ్రాకెట్టు కోత మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది నరసరావుపేట, పన్నెండేళ్లుగా డాలస్ ఉత్తరాన డెంటన్ దగ్గర ఉంటున్నాం. నా బండి మూడో తరం టయోటా టకోమా, ఆటోమేటిక్. కంపెనీ కొలత 265/70 ఆర్16. దానికి మూడంగుళాల లిఫ్టు, 285/70 ఆర్17 వేయించాను. ఇక్కడ ఇది ఎంత మామూలంటే, క్యాబిన్ బ్రాకెట్టు మూల కోసి మళ్లీ రేకు వెల్డింగు చేయడానికి దుకాణాల్లో ఒక స్థిరమైన ధర ఉంటుంది. కోసి వదిలేస్తే చాలదు. కోసిన చోట కొత్త రేకు అతికి, రంగు వేయకపోతే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

లిఫ్టుతో ముగిసిపోయిందని అనుకోవడం నేను చేసిన పొరపాటు. లేపాక ముందు చక్రాల కాస్టర్ కోణం, అంటే స్టీరింగు తిరిగే గీత ముందుకో వెనక్కో వాలే కోణం, తప్పింది. పైచేతులు, అంటే పై కంట్రోల్ ఆర్మ్‌లు మార్చితే కానీ అలైన్‌మెంటు కుదరలేదు. ఆ తర్వాత గేరు సంగతి. ఈ బండికి ఆటోమేటిక్‌లో ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇరుసుకు వచ్చే షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలన్న అంకె, 3.91. టైరు ఏడు శాతం పెరిగితే అది 3.66 అయినట్టే పనిచేస్తుంది. ఫలితంగా చిన్న ఎత్తు వచ్చినా ఆరో గేరు నుంచి ఐదుకు, ఐదు నుంచి నాలుగుకు దిగుతూ గొణుగుతూనే ఉండేది. ఇక్కడ చాలామంది ముందూ వెనకా డిఫరెన్షియల్ పళ్లు మార్చి 4.88 వేయించుకుంటారు, ఆ ఖర్చు టైర్ల ఖర్చును దాటిపోతుంది. నేను మార్చలేదు, గొణుగుడుకు అలవాటు పడ్డాను.

నట్ల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. నా పాత కంపెనీ రిమ్ముకు వాషరు ఉన్న చదునైన నట్లు ఉండేవి. బయట కొన్న రిమ్ముకు శంకువులా సాగిన మొన ఉన్నవి కావాలి. ఒకదాని నట్టు ఇంకొకదానికి మరలో సరిపోతుంది, బిగిసినట్టే ఉంటుంది, కానీ ఆనాల్సిన చోట ఆనదు. మొదటి 80 కిలోమీటర్ల తర్వాత మళ్లీ టార్కు పానాతో బిగించి చూడమని ఇక్కడ ప్రతి దుకాణం చెబుతుంది. దయచేసి ఆ మాట పాటించండి.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చింది. విమానాశ్రయంలో బండి ఎక్కలేక, పట్టుకోవడానికి ఏదీ అందక, "ఇది బండా, అటకా" అంది. మరుసటి వారం పక్క మెట్లు బిగించాను. బండి కింద రాయి తగిలేది ఇప్పుడు ఆ మెట్లకే.

7. సెక్షన్_52 (హైదరాబాద్)

చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సెక్షనునే గట్టిగా నిలబెట్టింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం 182ఏ సెక్షనును చేర్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అరిగిన టైరు తీసి కొత్తది వేయడం మార్పు కాదు, మరమ్మతు. అదే బండి మరో రకానికి కంపెనీయే ఇచ్చే కొలతకు మారడాన్ని సమర్థించుకోవడం తేలిక అని నా అభిప్రాయం. చాసిస్‌కు బిగించిన బ్రాకెట్టును కోయడం, లిఫ్టు చేయడం వేరే సంగతి. పసుపు బోర్డు బండి అయితే ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే సరుకు బండికి రిజిస్ట్రేషను దరఖాస్తులోనే ఒక్కో ఇరుసుకు టైర్ల కొలత రాయాలి. బీమా కంపెనీకి మార్పు సంగతి ముందే ఉత్తరం ద్వారా చెప్పి, వారి జవాబు దగ్గర పెట్టుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయరు ముందుగా ఫోటో తీసేది చక్రాలనే.

8. పాత_ఎద్దులబండి (ఒంగోలు)

రైతు గారూ, వెడల్పు గురించి మీరు అడిగిన ప్రశ్నకు మన తాతలు ఎప్పుడో జవాబు చెప్పి ఉన్నారు. రేగడి నేలల్లో తిరిగిన చెక్క చక్రాల ఎద్దుల బండిని గుర్తు చేసుకోండి. చక్రం మనిషి ఛాతీ దాకా ఎత్తు, దాని మీద వేసిన ఇనుప పట్టా మాత్రం మూడు వేళ్ల వెడల్పు. పైనున్న జిగురు మట్టిని కోసుకుంటూ దిగి, కింద ఎండుగా ఉన్న గట్టి పొర మీద నడిచేది. వెడల్పాటి చక్రం అయితే ఆ జిగురంతా పోగేసుకుని తనతో పాటు తిప్పుతుంది, ఎద్దులు ఆ బరువునూ లాగాలి.

ఇసుకలో దీనికి తలకిందులు. మా వైపు సముద్రపు ఒడ్డు ఇసుకలో సన్నటి చక్రం గునపంలా దిగుతుంది. అక్కడ వెడల్పే బతికిస్తుంది. కాబట్టి వెడల్పు మంచిదా, సన్నం మంచిదా అనే ప్రశ్నకు ముందు ఏ మట్టి అని అడగాలి. మీది పైన తడి, కింద గట్టి. ఎత్తు పెంచండి, వెడల్పు జోలికి పోకండి.

9. మన్యం_మలుపు (పాడేరు)

ఒంగోలు పెద్దాయన మాట నిజం. నేను హైలక్స్ నడుపుతాను, కంపెనీ కొలత 265/60 ఆర్18తోనే, కాకపోతే ఆల్ టెర్రైన్ రకం (రోడ్డుకూ మట్టికీ రెంటికీ పనికొచ్చే) టైర్లతో. రేగడి గురించి నాకు తెలియదు. ఎర్రమట్టి ఘాటు దారులు తెలుసు. ఆ అనుభవంతో రెండు సంగతులు.

మొదటిది, పక్కగోడ. 18 అంగుళాల రిమ్ముకు 60 శాతం పక్కగోడ ఉంటే, పదునైన రాయి అంచు తగిలినప్పుడు రబ్బరు సాగడానికి చోటు తక్కువ. రెండు టైర్లు నాకు పక్కగోడలోనే పోయాయి, అక్కడ పంక్చరు వేయడం కుదరదు. నాకు మళ్లీ అవకాశం ఉంటే రిమ్ము పెద్దది కాకుండా చిన్నది వేయిస్తాను.

రెండోది, స్టెప్నీ. నలుగురూ నాలుగు టైర్ల గురించే మాట్లాడతారు. తొట్టి కింద గొలుసుతో వేలాడే ఐదోదాన్ని ఎవరూ తలచుకోరు. పెద్ద టైరు అక్కడ పట్టకపోతే పాత చిన్న టైరునే ఉంచుతారు. అది వెనక ఇరుసుకు వేసి పది కిలోమీటర్లు నడిపితే రెండు పక్కల చుట్ల తేడాను డిఫరెన్షియల్ మోస్తుంది. దాంతోనే 4హెచ్ (నాలుగు చక్రాలూ లాగే మామూలు వేగపు గేరు) వేసి తారు రోడ్డు మీద నడిపితే, ముందూ వెనకా ఇరుసులను కలిపి బిగించే ఈ రకం 4×4లో, రెండు ఇరుసులకూ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు నలిగిపోతుంది. కొంటే ఐదూ ఒకే కొలతవి కొనండి, లేదా అసలు కొలత మార్చకండి.

10. ముప్పైమూడు_అంగుళాలు

మూడో వ్యాఖ్యలో కొంత దర్పంగా రాశాను. ఇక్కడి వ్యాఖ్యలు చదివాక మిగతా సగం కూడా చెప్పడం న్యాయం. పాత చక్రాన్ని, కొత్త చక్రాన్ని ఇంట్లో బస్తాలు తూచే కాటా మీద పెట్టి చూశాను. పాతది రిమ్ముతో కలిపి 29 కిలోలు, కొత్తది 38. నాలుగింటికీ కలిపి 36 కిలోలు, అదీ బండి మీద మోసే బరువు కాదు, గిర్రున తిరిగే బరువు. బ్రేకు తొక్కితే ఆగే దూరం పెరిగిందని నాకు రోజూ తెలుస్తూనే ఉంది. ఆరో గేరు 90 దాటితే కానీ పనికిరాదు. స్టెప్నీ తొట్టిలో పెట్టుకుని తిరుగుతున్నాను, అందువల్ల సామాను చోటు పోయింది. వారాంతపు సరదా బండికి ఇవన్నీ సరే. రోజూ పొలానికి, నెలకు రెండుసార్లు హైదరాబాద్ వెళ్లే బండికి నేను ఈ కొలత చెప్పను.

ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవను: టైరు పెద్దదైనంత మాత్రాన దిగబడదని కాదు కానీ, రాళ్ల దారిలో ఈ ఎత్తు వల్ల కలిగే ధీమా మరి దేనివల్లా రాదు.

11. లెక్కల_మాస్టారు

అయితే మన్యం సభ్యుడి మాట పట్టుకుని ఒక లెక్క వేశాను. ఇసుజు వారే ఇదే కుదురు మీద తయారు చేసే హై-ల్యాండర్ 16 అంగుళాల రిమ్ము, 245/70 ఆర్16 టైర్లతో వస్తుంది. ఆ రిమ్ముకే 265/70 ఆర్16 వేస్తే ఎత్తు 777 మిల్లీమీటర్లు. ఇప్పటి దానికంటే రెండు శాతం లోపే ఎక్కువ. మీటరు, గేర్లు, స్టెప్నీ ఏవీ ఇబ్బంది పడవు. పక్కగోడ మాత్రం 153 నుంచి 185 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. చక్రం ఎత్తు పెద్దగా మారకుండా రబ్బరు మందం మూడు సెంటీమీటర్లు పెరిగిందన్న మాట. గాలి తగ్గించి నడపాల్సి వచ్చినప్పుడు అసలు ఉపయోగం ఆ మూడు సెంటీమీటర్లదే. 245 వెడల్పే ఉంచుకుంటే ఎత్తు 749కి తగ్గుతుంది, కాబట్టి ఒంగోలు వారి సన్నటి చక్రం ఇక్కడ పూర్తిగా కుదరదు, 265 రాజీ.

12. అలైన్‌మెంటు_బల్ల

మాస్టారు చెప్పిన దారి నాకు నచ్చింది, రెండు షరతుల మీద. 16 అంగుళాల రిమ్ము మీ బండి ముందు బ్రేకు క్యాలిపరుకు తగలకుండా తిరుగుతుందో లేదో, కొనే ముందు ఒక్క చక్రం బిగించి చేత్తో తిప్పి చూడాలి. ఆపై టైరు భుజాన రాసి ఉండే బరువు అంకె చూడాలి. 112 అంటే ఒక్కో టైరు 1,120 కిలోలు మోస్తుంది. 111 అంటే 1,090. పాతదానికంటే తక్కువ అంకె ఉన్నది, ఎంత తగ్గింపు ఇచ్చినా తీసుకోవద్దు. ఎల్‌టీ (లైట్ ట్రక్) అని రాసి ఉన్న మందపాటి టైర్లకు 121 వంటి పెద్ద అంకె ఉంటుంది కానీ, అదే బరువు మోయడానికి వాటిలో గాలి ఎక్కువ కావాలి. తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్న అంకె వాటికి వర్తించదు. మీ వాడకానికి అవి అక్కరలేదు, బరువు దండగ.

గాలి సరిపోయిందా లేదా తెలుసుకోవడానికి టైరు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి సుద్దతో అడ్డగీత గీసి, తిన్నటి రోడ్డు మీద ఓ వంద గజాలు నడపండి. మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో చెరిగితే తక్కువ.

13. కోయిలకుంట్ల_రేగడి

రెండున్నర నెలల తర్వాత తిరిగి రాస్తున్నాను; ఆలస్యానికి మన్నించండి. వానలు పడకముందు రాస్తే సగం మాటే అవుతుందని ఆగాను.

16 అంగుళాల ఇనుప రిమ్ములు ఐదు, 265/70 ఆర్16 ఆల్ టెర్రైన్ టైర్లు ఐదు తీసుకున్నాను. టైరు మీద బరువు అంకె 112, పాతదానితో సమానం. కొనే ముందు ఒక చక్రం ముందు ఇరుసుకు బిగించి తిప్పాం. క్యాలిపరుకూ రిమ్ముకూ మధ్య నా చూపుడు వేలు పట్టేంత సందు ఉంది. సున్నం పరీక్ష కూడా చేయించాను. దుకాణంలో కుర్రాళ్లు నవ్వారు కానీ, ఎడమవైపు మడ్ ఫ్లాపు మూల మీద సన్నటి తెల్ల చార పడింది. ఆ ఫ్లాపు మరను ఒక రంధ్రం వెనక్కి జరిపి బిగించాక రెండోసారి చార పడలేదు. ఏదీ కోయలేదు. పాత అల్లాయ్ రిమ్ములు అమ్మలేదు, గోనెపట్టాలు కప్పి కొట్టంలో పెట్టాను.

కర్నూలు రోడ్డు మీద ఫోనులోని జీపీఎస్‌తో మీటరును పోల్చి చూశాను. పాత టైర్లతో మీటరు 100 చూపిస్తే అసలు వేగం 95 ఉండేది; ఇప్పుడు 97కు దగ్గరగా ఉంది. రోడ్డు మీద కొంచెం మోత పెరిగింది, మలుపుల్లో పాత బిగువు లేదు, బండి కాస్త ఒరుగుతున్నట్టు ఉంటుంది. మైలేజీ లీటరుకు అర కిలోమీటరు తగ్గింది.

ఇక డొంక. పోయిన వారం రాత్రంతా వాన పడ్డాక తెల్లవారి వెళ్లాను. డొంక మొదట్లో ఆపి నాలుగు టైర్లలోనూ గాలి 20 పీఎస్ఐకి దించి, 4ఎల్ (నాలుగు చక్రాలూ లాగే నెమ్మది గేరు) వేసి, రెండో గేరులో ఎక్కడా ఆపకుండా వెళ్లాను. పోయిన ఏడాది దిగబడిన చోట బండి పక్కకు జారింది కానీ ఆగలేదు. బటన్ల మధ్య మట్టి ఇప్పుడు కూడా పూడుతుంది. కాకపోతే కాస్త వేగం అందుకుంటే ముద్దలుగా విసిరేస్తోంది, మడ్‌గార్డుకు తపతపా కొట్టుకోవడం వినబడుతుంది. తిరిగి రోడ్డెక్కాక గాలి నింపుకోవడానికి సిగరెట్ లైటరుకు తగిలించే చిన్న పంపు కొన్నాను. నాలుగు టైర్లకు కలిపి అరగంట పడుతోంది.

అడగవలసింది ఒకటి మిగిలింది. డొంక దాటాక చక్రం లోపలి వైపు, బ్రేకు పక్కన, రిమ్ము అంచులో రేగడి గడ్డకట్టి ఎండిపోతోంది; మరునాడు హైవే మీద 80 దాటితే స్టీరింగు వణుకుతుంది. కడిగితే పోతోంది. దీనికి ఇంకేదైనా ఉపాయం ఉందా?

14. అలైన్‌మెంటు_బల్ల

లేదండీ. తడి మీద ఉన్నప్పుడే కర్రతో గీకేయండి, ఎండాక సుత్తి కావాలి. ఇనుప రిమ్ము లోపలి గాడిలో మట్టి ఎక్కువ నిలుస్తుంది, అల్లాయ్‌లో కొంచెం తక్కువ. ఏదైనా నిలవడం మాత్రం ఖాయం. గీకి, కడిగాక కూడా వణికితే అప్పుడు బ్యాలెన్సింగు సీసం ముక్కలు మట్టితో పాటు ఊడిపోయాయని అర్థం. నంద్యాలలోనే ఎక్కడైనా మళ్లీ వేయించండి, దీనికోసం గుంటూరు దాకా రానక్కరలేదు.